బిల్డింగ్ అయ్యేదాకా బడి

జూన్ 12, 2013

బడి తెరిచాను. పదకొండు మంది. పోయినేడు చివరి రోజున పదిహేడు. ఇద్దరు టై కట్టుకుని వ్యాను ఎక్కే బడికి పోయారు, ఒకడిని మేనమామ తీసుకెళ్ళాడు, మిగతా ముగ్గురి ఇంటికి తాళం.

టీచర్‌ను నేనొక్కదాన్నే. ఒకటి నుంచి ఐదు దాకా ఒకే గది. రెండో గదిలో బియ్యం బస్తాలు, విరిగిన బల్లలు. మూడో తరగతి వరుసలో ఒక్కడే కూర్చున్నాడు - చింటు, లచ్చమ్మ మనవడు. లచ్చమ్మ బడిలో వంట మనిషి కాబట్టి వాడు ఎక్కడికీ పోడు. వాడి మొహం చూస్తే కాస్త ధైర్యం.

మండల విద్యాధికారి సారు మీటింగులో అన్న మాట పొద్దుటి నుంచి చెవిలోనే ఉంది. "సెప్టెంబర్ ముప్పై కల్లా ఇరవై మంది లేకుంటే మీ బడిని హైవే అవతలి దాంట్ల కలిపేస్తం మేడం. నా చేతుల్ల ఏం లేదు." హైవే అవతల... వరంగల్ లారీలు ఎవరి కోసమూ ఆగవు. ఆరేళ్ళ పిల్ల ఎట్లా దాటుతుంది? ఆ సంగతి ఆయనకూ తెలుసు. అందుకే కిటికీ వైపు చూస్తూ చెప్పాడు.

జూన్ 14

ఇల్లిల్లూ తిరిగాను. పీర్జాదిగూడ కొత్త కాలనీలు, గేటుకో కుక్క బోర్డు. "మా వానికి ఇంగ్లీషు మీడియం గావాలె మేడం, ఏమనుకోకున్రి." ఏమనుకోలేదు. ఒకావిడ కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. పుస్తకాలు మేమే ఇస్తాం, మధ్యాహ్నం అన్నం పెడతాం అని నేను చెబుతుంటే శ్రద్ధగా విన్నది. విని - "మరి మీ బాబును ఏ బడికి పంపిన్రు మేడం?" ఎగతాళి కాదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. మావాడూ టై కట్టుకుని వ్యాను ఎక్కే బడిలోనే చదివాడు, ఇప్పుడు కాలేజీ హాస్టల్లో ఉన్నాడు. మజ్జిగ తాగేసి లేచాను.

ఒక్క పిల్ల దొరికింది. పన్నెండు.

జూన్ 16, ఆదివారం

మా ఆయన పట్టుబట్టి ఫ్లాటు చూపించడానికి తీసుకెళ్ళాడు. ఇప్పుడుంటున్న నాచారంలో ఉండలేక తీసుకున్నది. అక్కడ బోరు నీళ్ళు పచ్చగా వస్తాయి. ఫ్యాక్టరీల వాసనకు ఆయన దగ్గు తగ్గదు. "జర ఓపిక పట్టు, వచ్చే ఉగాది కొత్తింట్ల జేస్కుందం" అంటాడు. ఆ మాట చెప్పుకున్నప్పుడల్లా దగ్గు కూడా కాస్త తగ్గుతుంది.

బడికి రెండు సందుల అవతలే ఆ బిల్డింగు. ఐదంతస్తులు రావాలి, మూడు లేచాయి. మాది మొదటి అంతస్తు, తూర్పు వాకిలి. తలుపు ఇంకా లేదు, దాని చోటు మాత్రం ఉంది. లోపల మనుషులున్నారు. ఒడిశా వాళ్ళు, పాలమూరు వాళ్ళు, కట్టే గదుల్లోనే కాపురం. మా హాల్లో చీర ఉయ్యాల. మా వంటింటి మూల మూడు ఇటుకల పొయ్యి. ఒక పిల్ల వంగి ఊదుతోంది, చంకలో తమ్ముడు. నన్ను చూసి లేచి పొయ్యికి అడ్డంగా నిలబడింది. నేను దాన్ని తీసేయమంటాననుకుంది.

ఆయన పిల్లర్లు లెక్కపెడుతున్నాడు. నేను పిల్లల్ని. పద్నాలుగు దాకా వచ్చాను.

జూన్ 18

మేస్త్రి సాయిలును కలిశాను. పాలమూరు మనిషి. బిల్డింగంతా అతని మాట మీద నడుస్తుంది. పిల్లల్ని బడికి పంపమంటే నవ్వాడు.

"పెద్దపిల్లలు బడికొస్తే చిన్నోళ్ళను ఎవలు జూస్తరు మేడం? తల్లులు తట్టలు మొయ్యాలె గద."

"చిన్నోళ్ళను గూడ తోల్కరాన్రి."

అనేశాను. అన్నాక లెక్క వేసుకున్నాను. ఒక్కదాన్ని, ఐదు తరగతులు, పైగా పాలు తాగే పిల్లలా... మేస్త్రి మాత్రం నవ్వు ఆపి సూటిగా చూశాడు. "మల్ల మాట మీదుండున్రి మేడం."

జూన్ 21

వచ్చారు. ముందు మేస్త్రి, వెనక పద్నాలుగు మంది, చంకల్లో ఇంకో ఐదుగురు. అందరికన్నా ముందున్నది మా వంటింటి పిల్ల. పేరు ఝూను.

ఎన్నేళ్ళంటే తెలియదు. ఎవరికీ తెలియదు. పుట్టిన తేదీ లేకపోతే చేర్చుకోవడం కుదరదు. ఎత్తు చూసి, పళ్ళు చూసి సంవత్సరం వేస్తాను, నెల మాత్రం అందరికీ జూనే. ఎన్నేళ్ళుగానో ఇంతే. మా బడిలో పిల్లలంతా తొలకరికే పుడతారు. ఝూనుకు పదేళ్ళు వేశాను, నాలుగో తరగతి. అక్షరం రాదు. అయినా ఒకటో తరగతి వరుసలో కూర్చోబెడితే ఆ కాళ్ళు ఎక్కడ పెట్టుకుంటుంది.

నా పాత చీర ఒకటి కిటికీ ఊచలకు ఉయ్యాల కట్టాను. లచ్చమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ఇది బడా, అంగన్‌వాడా మేడం?" ఇరవై ఆరు మంది లచ్చమ్మా, నువ్వేమన్నా అనుకో.

ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను. "అయితే మన లేబరే నీ స్టూడెంట్లా" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

జూలై 5

ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు సగం మందే. తొమ్మిది మంది ఒడియా, ముగ్గురు లంబాడీ, ఒకడు బీహారు. బీహారు వాడితో మాట్లాడేవాడు లేక వాడు గోడతో మాట్లాడుతున్నాడు.

'మా ఊరు' పాఠం. మీ ఊరేది అని అందరినీ అడిగాను. ఝూను లేచి "బిల్డింగ్" అంది. అంతకుముందు? "కొంపల్లి బిల్డింగ్." అంతకుముందు? ఆలోచించి, తమ్ముణ్ణి ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని, కూర్చుంది.

జూలై 19

ఝూను రోజూ ఆలస్యం. అన్నం వండి, వాళ్ళమ్మకు పెట్టి, అప్పుడు వస్తుంది. హాజరులో పేరు పిలిస్తే చింటు జవాబు చెబుతాడు - "వస్తది మేడం, బువ్వ వండుతుంది." వాడు అన్నాడంటే వస్తుంది. ఇంతవరకూ తప్పలేదు.

అక్షరాలు పట్టుబడుతున్నాయి. తమ్ముడు పలక నాకి చెరిపేస్తాడు, ఇది మళ్ళీ రాస్తుంది. విసుగు లేదు. నాకు వస్తుంది విసుగు, దానికి రాదు.

జూలై 31

రాష్ట్రం ఇస్తామని నిన్న ఢిల్లీలో చెప్పారు. ఉప్పల్ చౌరస్తాలో రంగులు, పటాకులు, బస్సు కదల్లేదు. పక్క సీటు ముసలాయన ఏడుస్తున్నాడు. నాకూ కళ్ళు తడిశాయి. జనగామలో మా నాన్న ఈ మాట విని పోయి ఉంటే ఎంత బాగుండేది.

బడిలో అందరికీ చాక్లెట్లు. ఝూను చేయి చాపలేదు. "మాకు గూడనా టీచర్?" మీకు గూడనే అన్నాను. తమ్ముడి నోట్లో పెట్టింది.

ఆగస్టు 12

ఇసుక లేదట. వానలు, వాగుల్లో నీళ్ళు, లారీలు రావట్లేదు. బిల్డింగు పని ఆగింది. ఆయన అన్నం సరిగ్గా తినలేదు. నేను వస్తూ వస్తూ జిలేబీ తెచ్చాను.

"ఏంది సంగతి?"

"ఏం లేదు, తినబుద్ధయింది."

బిల్డింగు ఎంత ఆలస్యమైతే బడి అన్నాళ్ళు. సొంతిల్లు ఆగిపోయిందని మిఠాయి తినే ఇల్లాలు ఇంకెక్కడైనా ఉందా... ఆయన దగ్గుతున్నాడు, ఇది రాస్తున్నాను.

ఆగస్టు 20

నలుగురు రాలేదు. నిన్నా రాలేదు. ఝూనును అడిగాను.

"పని లేదు గద టీచర్. ఘట్‌కేసర్ పోయిన్రు."

పని ఆగితే కూలి లేదు. కూలి లేకపోతే ఎందుకుంటారు? ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదు. పదేళ్ళ పిల్ల చెబితే తెలిసింది. నేను జిలేబీ తిన్నాను.

ఆగస్టు 26

పంతొమ్మిది. కాలనీ పిల్లలూ ముగ్గురు వ్యాను బడికి పోయారు, ఇక బిల్డింగు పిల్లలే దిక్కు.

"బిల్డర్‌కు ఫోన్ జేసి గట్టిగ అడుగు, ఇసుక తెప్పియ్యమను" అన్నాను. ఆయన ఆశ్చర్యపోయాడు. "ఇప్పుడు దారికొచ్చినవ్" అని సంతోషంగా ఫోను అందుకున్నాడు.

సెప్టెంబర్ 4

ఇసుక వచ్చింది. బడి కిటికీలోంచి లారీలు కనబడ్డాయి. పాఠం ఆపి చూశాను. పిల్లలు కూడా చూశారు. వాళ్ళకు అర్థమైంది.

పని ఆగినా పోతారు, అయిపోయినా పోతారు. పని మెల్లగా నడవాలి, నడుస్తూనే ఉండాలి. ఏ దేవుడికని మొక్కను, ఏమని మొక్కను.

సెప్టెంబర్ 17

కొత్తగా రెండు కుటుంబాలు దిగాయి. ఇరవై మూడు. ఈ అంకె ఇంకో రెండు వారాలు ఇలాగే నిలబడితే చాలు.

సెప్టెంబర్ 28, శనివారం

సాయంత్రం మేస్త్రి బడికే వచ్చాడు. "ఎల్లుండి ఆఖరి స్లాబు మేడం. పిల్లలు రారు. స్లాబు నాడు కూలోళ్ళంత ఆడనే ఉండాలె. యాటను గూడ కోస్తున్నం."

ఎల్లుండి. సోమవారం. ముప్పై.

"మంగళారం ఎయ్యరాదా సాయిలూ? ఒక్క రోజు."

"కాంక్రీటు కలిపే మిల్లర్ మాట్లాడినం, ముహూర్తం పెట్టిన్రు. ఫ్లాట్లోళ్ళంత కొబ్బరికాయలు పట్కొని వస్తున్నరు. నా చేతుల్ల ఉన్నదా మేడం."

ఎవరి చేతుల్లోనూ లేదు. మా ఫ్రిజ్ మీద కూడా ఒక కొబ్బరికాయ ఉంది, ఆయన పొద్దున్నే తెచ్చి పెట్టాడు.

సెప్టెంబర్ 30

ఉన్నది ఉన్నట్టు రాసుకుంటాను.

కాలనీ పిల్లలు తొమ్మిది మంది వచ్చారు. సారు పదకొండింటికి వచ్చాడు. గది చూశాడు, ఖాళీ ఉయ్యాల చూశాడు. "ఇరవై మూడు అన్నరు మేడం, తొమ్మిది కనవడుతున్నరు."

"ఉన్నరు సార్. రెండు సందుల అవతల. నడవాలె."

బూట్ల వైపు చూసుకున్నాడు. అయినా లేచాడు. తలుపుకు తాళం వేసి తొమ్మిది మందినీ వరుసలో నడిపించుకుంటూ వెళ్ళాను. సందులో జనం ఊరేగింపు చూసినట్టు చూశారు.

బిల్డింగు దగ్గర మిల్లర్ మోత. తల్లులు మెట్ల పొడుగునా నిలబడి తట్టలు చేతులు మార్చుకుంటున్నారు. పిల్లలు పసివాళ్ళను పెట్టుకుని ఇసుక కుప్ప మీద. సందులో నిలబడి హాజరు మొదలుపెట్టాను. నా గొంతు నాకే వినబడలేదు. మేస్త్రి పైనుంచి ఒకసారి మమ్మల్ని, ఒకసారి సారును చూసి చేయెత్తాడు. మిల్లర్ ఆగింది. స్లాబు మధ్యలో ఎవరూ ఆపరు. ఆపాడు.

అప్పుడు పిలిచాను, ఒక్కొక్క పేరు. "ఎస్ టీచర్." ఇసుక మీద నుంచి, పైపుల చాటు నుంచి. "ఎస్ టీచర్." తట్టలు పట్టుకున్న తల్లులు తమ పిల్ల పేరు వచ్చినప్పుడు కిందికి చూశారు. ఝూను రెండో అంతస్తు మెట్ల మీద నీళ్ళ బిందెతో ఉంది. అక్కడి నుంచే అరిచింది. బీహారు వాడు రెండుసార్లు అరిచాడు. సారు వేలితో చూపిస్తూ లెక్కపెట్టుకున్నాడు. ఇరవై మూడు. మిల్లర్ మళ్ళీ మోగింది.

అక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. ఫ్లాట్ల వాళ్ళలోంచి మా ఆయన వచ్చాడు, నుదుట కుంకుమ, చేతిలో స్వీటు డబ్బా. "నమస్తే సార్. మాది గీ ఫస్ట్ ఫ్లోరే."

సారు నా వైపు తిరిగాడు. "మీదేనా మేడం? ఎప్పటికైతది?"

"మార్చి కల్లా ఇస్తమంటున్నరు సార్." చెప్పింది ఆయనే.

"మరి వీళ్ళు?"

ఆయన డబ్బా మూత తెరిచాడు. సారు ఒక ముక్క తీసుకుని, తిని, చేయి తుడుచుకుని, ఇరవై మూడు అని రాసుకున్నాడు. బండెక్కుతూ అన్నాడు - "ఈ యేడుకు గట్టెక్కిన్రు."

అక్టోబర్ 4

రేపటి నుంచి దసరా సెలవులు. బడి ముందు బతుకమ్మ పెట్టాం. లచ్చమ్మ నారపల్లి నుంచి గునుగు, తంగేడు తెచ్చింది. పొలాలు పోయినా ప్లాట్ల రాళ్ళ మధ్య ఇంకా పూస్తోందట. ఝూను మాతో చుట్టూ తిరిగింది, తమ్ముణ్ణి దించకుండానే చప్పట్లు కొట్టాలని చూస్తూ. చింటు వాణ్ణి కాసేపు ఎత్తుకున్నాడు.

నవంబర్ 22

ప్లాస్టరింగ్ మొదలైంది. స్లాబుకు చెక్కలు కొట్టే సెంట్రింగ్ వాళ్ళకు ఇక పని లేదు, రెండు ఇళ్ళు ఖాళీ. ఇరవై.

డిసెంబర్ 11

ఝూను బస్సుల బోర్డులు చదువుతోంది. రోడ్డు మీద నిలబడి "ఉప్పల్, నారపల్లి, ఘట్‌కేసర్" అని. ఎవరూ చదవమనలేదు. అది చదువుతుంటే నేను బస్సు వదిలేశాను.

ఎంతోమందికి అక్షరాలు నేర్పాను ఇన్నేళ్ళలో. ఇట్లా ఒళ్ళు పులకరించిన రోజులు తక్కువ. ఈ పిల్ల ఐదో తరగతి నా దగ్గరే పాసవ్వాలి. అంతే, ఇంకేం కోరను.

జనవరి 20, 2014

సాయంత్రం ఝూను వాళ్ళమ్మ వచ్చింది. మొదటిసారి బడిలోకి. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, చేతుల సిమెంటు కొంగుకు తుడుచుకుని నిలబడింది. తెలుగు రాదు. ఆమె చెప్పింది, ఝూను నాకు తెలుగులో చెప్పింది.

"అమ్మ అంటుంది, బిల్డింగ్ అయితది, మేం పోతం. ఝూనును మీ ఇంట్ల ఉంచుకుంటరా అంటుంది. గిన్నెలు తోముతది, ఇల్లు ఊడుస్తది, మీ బడికి పోతది, అంటుంది."

తన గురించే చెబుతోంది, వేరే పిల్ల గురించి చెప్పినట్టు. కళ్ళు నా మీదే ఉన్నాయి.

ఆలోచించి చెబుతానన్నాను. ఝూను తల్లి వైపు తిరిగి ఏదో చెప్పింది. నేనన్న దానికన్నా చాలా పొడుగ్గా ఉంది. తల్లి నాకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి వెళ్ళింది.

ఏం చెప్పిందో.

జనవరి 21

ఆయనతో కూర్చుని మాట్లాడాను.

"సర్కారు టీచర్ ఇంట్ల పదేండ్ల పిల్ల పనికుంటే మంది ఏమంటరు సువర్ణా? ఎవడన్న ఫోటో దీసి పేపరుకిస్తే నీ నౌకరి ఉంటదా?"

"పని జేపియ్యం. ఊకెనే ఉంచుకుందం."

"మనం జేపియ్యకున్నా అది ఊకుంటదా? పొద్దున లేస్తే చీపురు పట్టదా? అప్పుడు నువ్వు ఏమంటవ్, వద్దంటవా? ఎన్ని దినాలు వద్దంటవ్?"

నిజమే. ప్రతి మాటా నిజమే. చెడ్డవాడైతే కోపమైనా తెచ్చుకునేదాన్ని. నా ప్లేటు కూడా ఆయనే తీసి సింకులో పెట్టాడు.

ఫిబ్రవరి 21

బిల్లు పాసయింది. మళ్ళీ రంగులు, మళ్ళీ స్వీట్లు. లచ్చమ్మ డాన్సు చేసింది. సంతోషంగానే ఉంది. బడిలో పదిహేడు.

ఫిబ్రవరి 27

ఝూను ఏమీ అడగట్లేదు. ఆలస్యంగా రావడం మానేసింది. నాకన్నా ముందే వచ్చి గది ఊడుస్తోంది. మధ్యాహ్నం అందరి పళ్ళాలూ తోముతోంది. నేను చూస్తున్నానా లేదా అని ఓరగా ఒక చూపు. పళ్ళెం ఎత్తి వెలుతురుకు పట్టి చూసి, మళ్ళీ తోముతుంది.

పరీక్ష రాస్తోంది నా దగ్గర. దేవుడా, ఈ పరీక్ష నేను పెట్టలేదు.

"ఊకో, నువ్వు చదువుకో" అన్నాను. భయపడింది. బాగా తోమలేదేమో అనుకుంది.

మార్చి 7

సోమవారం వాళ్ళమ్మతో మాట్లాడతాను. సరే అని చెప్పాలా... ఆయనను ఎట్లాగో ఒప్పిస్తాను. ఆదివారం ఒకటి మధ్యలో ఉంది, ఆలోచించుకోవడానికి.

మార్చి 10, సోమవారం

హాజరు. ఝూను పేరు పిలిచాను. చింటు లేచి నిలబడ్డాడు.

"పోయిన్రు మేడం. నిన్న లారీ వచ్చింది. పెయింటింగోళ్ళు దిగుతున్నరని బిల్డర్ అందరిని ఎల్లగొట్టిండు."

"ఏడికి?"

"తెల్వది."

తొమ్మిది మంది. లచ్చమ్మ అందరికీ అని వండిన అన్నం సగం మిగిలింది. కిటికీకి కట్టిన చీర విప్పాను. ముడి బిగుసుకుపోయింది, కత్తెరతో కోయాల్సి వచ్చింది.

ఆదివారం ఎందుకు పెట్టుకున్నాను మధ్యలో.

మార్చి 31, ఉగాది

నాచారంలోనే చేసుకున్నాం. కొత్తింటికి ఇంకా కరెంటు మీటరు రాలేదు. ఆయన పచ్చడిలో చేదు ఎక్కువైందన్నాడు. నాకు రుచి తెలియలేదు.

ఏప్రిల్ 30

ఓట్లు. మా బడే పోలింగ్ బూతు. పొద్దున ఏడు నుంచి వరుస గేటు దాటి సందు చివరి దాకా. కొత్త కాలనీ వాళ్ళంతా, మజ్జిగ ఇచ్చినావిడ కూడా. "మీ బడి ఇంత బాగుంటదనుకోలె మేడం" అంది గోడల మీద బొమ్మలు చూస్తూ. ఝూను వేసిన బిల్డింగు బొమ్మ ఉంది అక్కడ, కిటికీకో మనిషి.

ఈ గది ఇంత నిండుగా ఎప్పుడూ చూడలేదు.

మే 14

గృహప్రవేశం. లేబరు ఉన్న ఇల్లని ఆయన పసుపు నీళ్ళతో మూడుసార్లు కడిగించాడు. గేటు దాకా ఆవు వచ్చింది. పంతులుగారు వంటింట్లో పొయ్యి వెలిగించమన్నారు. "ఇది ఈ ఇంటికి తొలి నిప్పమ్మా. ఇంటావిడ చేత్తో వెలగాలి."

చేతిలో అగ్గిపుల్ల. ఎదురుగా మూల, కొత్త పెయింటు కింద, మోకాలెత్తున మసి మరక. పెయింటరు రెండు కోట్లు వేశాడు. అయినా లేతగా పైకి వచ్చింది. తొలి నిప్పు ఇది కాదు పంతులుగారూ. ఏడాది పొడుగునా ఇక్కడ పొద్దునా సాయంత్రం అన్నం ఉడికింది. ఊదిన పిల్ల పేరు నాకు తెలుసు. నోట్లోనే ఉంది మాట. వెలిగించాను.

ఆడబిడ్డ చూసింది. "గా మరకేంది వదినా?"

"ఝూను పొయ్యి."

"ఝూను ఎవలు?"

పాలు పొంగాయి, తూర్పుకు. అందరూ మంచిదన్నారు, ఆ సందట్లో ఆమె ప్రశ్న ఎటో పోయింది. ఆయన కళ్ళ నిండా నీళ్ళు. ఈ ఇంటి కోసం ఎంత ఎదురుచూశాడో నాకు తెలుసు. ఆయన సంతోషం చూసి నిజంగానే సంతోషపడ్డాను. అదే బాధ.

జూన్ 2

తెలంగాణ వచ్చింది. బాల్కనీలోంచి హైవే మీద ర్యాలీలు. ఆయనకు దగ్గు తగ్గింది, పది రోజులైంది.

జూన్ 10

బడి బోర్డు మీద రాష్ట్రం పేరు మార్చమని ఆర్డరు. పెయింటరు మా బిల్డింగుకు వేసినవాడే. 'తెలంగాణ ప్రభుత్వం' అని చక్కగా రాశాడు. "ఎంత మంది చదువుతరు మేడం ఈడ?" సెలవులన్నాను.

జూన్ 12

ఎనిమిది మంది. సారు ఫోను చేశాడు. "నెలాఖరుకు చూద్దం మేడం. ఈసారి స్లాబు పడే బిల్డింగులేమన్న ఉన్నయా మీ దిక్కు?" ఎత్తిపొడుపు కాదు, పాపం ఆయన కూడా ఏదో దారి వెతుకుతున్నాడు.

ఫోను పెట్టేశాక లచ్చమ్మ చెప్పింది. ఉప్పల్లో బస్సు దగ్గర మేస్త్రి సాయిలు కనబడ్డాడట. అందరూ నారపల్లిలో ఉన్నారు. ఏదో వెంచరు, గేటు కట్టి లోపల ఇళ్ళు కడుతున్నారు.

నారపల్లి. ఝూను చదివిన బోర్డు. మా ఇంటి ముందు నుంచే పోతుంది ఆ బస్సు.

జూన్ 14

మరక మళ్ళీ వచ్చింది, వానకు. ఆయన పెయింటరును పిలుస్తానన్నాడు. వద్దన్నాను. ఎందుకన్నాడు. రేపు నారపల్లి పోతున్నానన్నాను. లేచి మరక మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత - "తోల్కొస్తే తోల్కరా. సూద్దం."

జూన్ 15, ఆదివారం

ఒక్కదాన్నే వెళ్ళాను. బస్సులో మాట అల్లుకుంటూ కూర్చున్నాను. మా అమ్మాయిలా ఉంటుంది, గిన్నెలు నేనే తోముకుంటాను, ఐదో తరగతి అయ్యాక హాస్టల్లో వేస్తాను...

గేటు దగ్గర వాచ్‌మన్ "ప్లాటు జూస్తరా మేడం?" అన్నాడు.

ఝూను ఇటుకలు దించే లారీ పక్కన నిలబడి లెక్కపెడుతోంది, మేస్త్రికి వినబడేట్టు, తెలుగులో. తమ్ముడు నడుస్తున్నాడిప్పుడు. చంకలో వేరేవాళ్ళ పాప. నన్ను చూసి లెక్క ఆపలేదు. లారీ అయిపోయాక వచ్చింది.

"బడి ఉన్నదా టీచర్?"

"ఉన్నది."

"ఎంత మంది?"

చెప్పాను. నన్ను చూసి జాలిపడింది. "ఈడ మస్తు మంది ఉన్నరు టీచర్. చిన్నోళ్ళు గూడ. గని దూరం."

వాళ్ళమ్మ వచ్చింది. స్టీలు గ్లాసులో నీళ్ళిచ్చింది. నవ్వింది. పక్కనే మూడు ఇటుకల పొయ్యి, దాని మీద గిన్నె. నేను నీళ్ళు మెల్లగా తాగాను. అడుగుతుందని చూశాను. ఒక్కసారి అడిగితే చాలు, సరే అందామని. అడగలేదు. ఏదో మర్యాదకు నా చీర బాగుందన్నట్టు చూపించింది.

నేనే చెప్పాలి. చెప్పాలంటే ఝూనుతోనే చెప్పించాలి. వాళ్ళమ్మకు నిన్ను నాకిమ్మని నువ్వే చెప్పు అని... నోరు తెరిచాను. "మళ్ళీ వస్తానని చెప్పు అమ్మకు" అన్నాను.

ఝూను చెప్పింది. ఈసారి నేనన్నంతే చెప్పింది. చాలా పొట్టిగా.

జూన్ 16

హాజరు. పోయినేటి పేర్లు ఇంకా కొట్టేయలేదు. ఝూను పేరు దగ్గర ఆగాను. పిలిచాను.

"వస్తది మేడం" అన్నాడు చింటు, తల ఎత్తకుండా, అలవాటుగా. "బువ్వ వండుతుంది."